సజ్జ మీది పాత సీసాలు: సముద్రపువి, సోడా దుకాణంవి ఒకే టబ్బులో వేయకండి

అక్కా, మీరు అడిగింది ఇదీ. బాపు భీమునిపట్నంలో నౌకరీ చేసినప్పుడు ఒడ్డున ఏరినవి, అక్కడి జాలర్ల దగ్గర కొన్నవి కలిపి ట్రంకు పెట్టె నిండా పాత సీసాలున్నాయి. తాతది వరంగల్ స్టేషన్ రోడ్డులో సోడా దుకాణం, ఆ గోలీ సీసాలు రెండు గోనె సంచులు. అన్నీ ఇప్పుడు హనుమకొండ ఇంట్లో సజ్జ మీద. అమ్మ కబాడీకి వేసేద్దామంటున్నది, పిల్లలు వద్దంటున్నారు. ఎట్లా కడగాలి, ఎంత పాతవో ఎట్లా తెలుస్తుంది, ధర ఎంత పలుకుతుంది?

వరుస తిప్పుదాం. కడగడం చివరి పని. సీసా ఇన్నేళ్లు ఎక్కడ పడి ఉందన్నదాన్ని బట్టే దాన్ని ఏం చేయాలన్నది తేలుతుంది. కడిగిన తర్వాత ఆ ఆనవాళ్లు పోతాయి. చీటీలు నాని ఊడిపోతాయి, లోపలి మందు మడ్డి కొట్టుకుపోతుంది, ఒడ్డున దొరికినదేదో దుకాణంలోదేదో కూడా గుర్తుండదు.

ముందు సజ్జ మీంచి దించడం. ఎండాకాలంలో స్లాబు కింద సీసాలు బాగా వేడెక్కి ఉంటాయి. వాటిని దించీ దించగానే నల్లా కింద పెడితే మెడ దగ్గర సన్నగా చిట్లుతాయి. గాజు మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండే పాత సీసాలకు ఈ బాధ ఎక్కువ. పొద్దున్నే దించి, ఒక రాత్రి నీడన పాత దుప్పటి మీద పరిచి ఉంచండి. కడిగేటప్పుడు కూడా గోరువెచ్చని నీళ్లు దాటొద్దు.

తర్వాత మూడు కుప్పలు చేయండి: సముద్రం నుంచి వచ్చినవి, ఇక్కడి దుకాణంవి, కాగితం చీటీ గానీ రంగు అచ్చు గానీ ఉన్నవి. మూడో కుప్పను నీళ్ల దగ్గరికి రానీయొద్దు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. అందులోనే ఇంకొక చిన్న కుప్ప తీయాలి, లోపల ద్రవమో పొడో మిగిలిన మందు సీసాలది. పాత మందుల్లో పాదరసం, ఆర్సెనిక్, స్ట్రిక్నిన్ వంటి విషాలు మామూలుగా వాడేవారు. నీలం లేదా ఆకుపచ్చ రంగులో, ఆరు పలకలతో, చేతికి గరుకుగా తగిలేలా గీతలు పోసిన సీసా అయితే అది విషం సీసా. చీకట్లో తడిమినా తెలియాలని అట్లా చేసేవారు. మూత తీయకండి, వాసన చూడకండి, సింకులో పారబోయకండి. చేతి తొడుగులతో పట్టుకొని పాలిథిన్ సంచిలో కట్టి పిల్లలకు అందని చోట పెట్టండి.

ఇప్పుడు సముద్రపు కుప్ప. సీసాను టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టి చూడండి. ఒంటి మీద నెమలి పింఛంలా రంగులు మెరుస్తున్నాయా, గోరు తగిలితే పొలుసులు రాలుతున్నాయా? అది మురికి కాదు. ఏళ్ల తరబడి తడిలో గాజులోని సోడా, పొటాష్ కరిగి బయటకు పోగా మిగిలిన పలుచని పొరలు. అది రాలితే కింద గుంటలు పడ్డ మసక గాజే బయటపడుతుంది. అటువంటి సీసాను గీకొద్దు, ఆమ్లంలో వేయొద్దు, మళ్లీ నానబెట్టొద్దు. ఇప్పటికే ఎండి నిలకడగా ఉంటే దాన్ని అట్లనే ఉంచడం మేలు.

పొలుసులు లేని గట్టి గాజు మీద తెల్లటి ఉంగరాల్లా అతుక్కున్నవి సముద్రపు గుల్లల అడుగులు. అది సున్నమే, కాబట్టి వంటింటి తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి నానబెడితే బుడగలొచ్చి మెత్తబడుతుంది. పావుగంటకోసారి చూసి వెదురు పుల్లతో తోయండి. ఒకటి రెండు గుల్లలు ఉంచేస్తేనే నయం, సీసా ఎక్కడిదో చెప్పే సాక్ష్యం అదే కదా.

మట్టితో చేసి ఉప్పు మెరుగు పెట్టిన జాడీ సీసాలు ఉన్నాయన్నారు. వీటికే అసలు పని ఉంది. పగిలిన మెరుగు లోంచి ఉప్పు మట్టిలోకి ఎక్కి ఉంటుంది. వానాకాలం గాలిలోని తడికి అది కరుగుతుంది, ఎండాకాలం గడ్డకడుతుంది. ఏటా ఇట్లా జరిగి జరిగి మెరుగు పెచ్చులుగా లేస్తుంది. సీసా అడుగున తెల్లటి బూజులాంటిది కనిపిస్తే అది ఉప్పే. దీనికి మందు మంచినీళ్లే. ప్లాస్టిక్ బకెట్లో ఆర్‌వో నీళ్లు గానీ పట్టిన వాననీళ్లు గానీ పోసి, నీళ్లలో కరిగిన ఉప్పులను కొలవడానికి నీటి శుద్ధి మెకానిక్కులు వాడే టీడీఎస్ మీటరుతో ముందు అంకె రాసుకోండి. జాడీ ముంచి మూడు రోజులాగి మళ్లీ చూడండి. మొదట 40 ఉన్నది 400 అయిందనుకోండి, ఉప్పు దిగుతున్నట్టు. నీళ్లు మార్చండి. మూడు రోజులాగినా అంకె మొదటిదానికి దగ్గరగానే ఉంటే పని అయినట్టు. కొన్ని జాడీలకు రెండు మూడు మార్పులు సరిపోతాయి, కొన్నింటికి నెలలు పడుతుంది. బోరు నీళ్లతో ఈ పని కుదరదు, మన బోర్ల టీడీఎస్సే వందల్లో ఉంటుంది, ఇంకేం కొలుస్తారు? బకెట్ మీద మూత పెట్టడం మరవొద్దు, దోమలు గుడ్లు పెడతాయి. తీసిన జాడీని ఎండలో పెట్టకుండా నీడన గుడ్డ మీద ఆరబెట్టండి.

గోలీ సీసాల దారి వేరు. వీటికి పట్టింది ఉప్పు కాదు, బోరు నీళ్ల సున్నం, సోడా తీపి జిగురు, దుకాణం పొగ. లీటరు నీళ్లకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రాత్రంతా ఉంచితే మామూలు పొర పోతుంది. మొండి పొరకు 50 గ్రాముల దాకా పోవచ్చు, అంతకు మించి పెంచి లాభం లేదు, ఇంకో రాత్రి ఉంచడమే. బాత్రూం యాసిడ్ వాడొద్దు. అది ఇటుకల మీది సున్నానికి, మీ ఊపిరితిత్తులకు ఒకే రకంగా తగులుతుంది.

లోపల రుద్దడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. గోలి మెడలోనే ఉంటుంది, కింది నొక్కు దాన్ని కడుపులోకి పోనీయదు, పైన మూతి బయటకు రానీయదు. బ్రష్ పోదు. గోలిని తీయాలని చూడకండి, గోలి వేశాకే మూతిని మూసి పోస్తారు, తీయాలంటే పగలగొట్టడమే. సీసాను పక్కకు వంచితే మెడలోని చెవుల్లాంటి నొక్కుల దగ్గర గోలి ఆగి దారి దొరుకుతుంది. తాగేటప్పుడు చేసేదీ అదే. ఆ సందు లోంచి కాగితం గరాటుతో రెండు చెంచాల నూకలు, సగానికి నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం పోసి ఊపండి. నిండు బియ్యం వద్దు, గోలి దగ్గర ఇరుక్కుంటుంది. నూకలైనా లోపల మరిచి పడుకుంటే పొద్దున్నకు ఉబ్బి గడ్డకట్టి, రెండో రోజుకు పులిసి కంపు కొడతాయి. ఇసుక, స్టీలు పీచు గాజును గీరుతాయి. వెడల్పు మూతి సీసాలకైతే పాత కరెంటు వైరు లోంచి తీసిన రాగి తీగను చిన్న ముక్కలు కోసి వేయొచ్చు. రాగి గాజు కన్నా మెత్తన, గీరదు.

మూతి లోపలి గాడిలో రబ్బరు వాచర్ బండబారి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో లేపితే అంచు చిప్పలా లేచిపోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి వెదురు పుల్లతో కొంచెం కొంచెం తిప్పండి. రాకపోతే వదిలేయండి, అసలు వాచరుతో ఉన్న సీసాకు విలువ తగ్గదు.

ఇంకొకటి, పిల్లలు ముచ్చట పడి ఆ పాత సీసాల్లో మళ్లీ సోడా కొట్టిద్దామంటారు. వద్దు. గోలిని వాచరుకు అదిమి పట్టేది లోపలి గ్యాస్ ఒత్తిడే, అందుకే సీసాను తలకిందులు చేసి నింపుతారు. కంటికి కనిపించని చిట్లు ఉంటే మిషన్లోనో చేతిలోనో పేలుతుంది.

ఇక ఎంత పాతవన్నది. గోలీ సీసాకు పుట్టిల్లు ఇంగ్లండ్. హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. బార్న్‌స్లీ ఊళ్లో డాన్ రైలాండ్స్ ఫ్యాక్టరీ వీటిని మస్తుగా పోసి దేశదేశాలకు పంపింది. మీ సంచుల్లో భుజం మీదో అడుగునో 'రైలాండ్స్', 'బార్న్‌స్లీ', 'కాడ్స్ పేటెంట్' అని ఇంగ్లిష్‌లో ఉబ్బెత్తుగా ఉంటే పక్కన పెట్టండి. ఉర్దూ అక్షరాలు గానీ, హైదరాబాద్ దక్కన్ అని గానీ, ఏదైనా ఊరి సోడా కంపెనీ పేరు గానీ పోసి ఉంటే అదీ పక్కన పెట్టాల్సిందే. ఏ పేరూ లేని లేత ఆకుపచ్చ మందపాటి సీసాలు ఉత్తరప్రదేశ్ వైపు నిన్న మొన్నటిదాకా పోసినవి కావచ్చు, ఇప్పటికీ పోస్తున్నారు.

ఇంటర్నెట్‌లో ఒక సూత్రం చదివి ఉంటారు: అచ్చు గీత (అచ్చు ముక్కలు కలిసిన చోట గాజు మీద పడే నిలువు గీత) మూతికి కిందనే ఆగితే చేతితో ఊదింది, మూతి మీదుగా పైకి పోతే యంత్రంలో పోసింది, కాబట్టి 1900ల మొదట్లో ఓవెన్స్ యంత్రం వచ్చిన తర్వాతది. అమెరికా సీసాలకు ఇది దాదాపు సరిగ్గా పనిచేస్తుంది. మన దగ్గర అట్లా లెక్కవేస్తే దెబ్బతింటాం. మహారాష్ట్రలోని తళేగావ్‌లో పైసా ఫండ్ గాజు కార్ఖానా 1908లో మొదలైంది. ఆ తర్వాత కూడా మన దేశంలో చాలాచోట్ల నోటితో ఊదడం, సగం యంత్రం సగం చేతిపని దశాబ్దాల పాటు నడిచాయి. కాబట్టి గీత మూతికి కింద ఆగిందంటే 'చేతిపని' అని మాత్రమే చెప్పొచ్చు, 'వందేళ్లది' అని చెప్పలేం. అమ్మేవాళ్లు ఈ తేడాను కావాలనే మింగేస్తారు.

మన సీసాలకు నమ్మకమైన గడియారం చీటీయే. అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, నయా పైసలుంటే 1957 నుంచి 1964 మధ్యది. హాలీ సిక్కా ధర ఉంటే నిజాం రూపాయి చెల్లిన కాలంది, అది 1950ల తర్వాత లేదు. ఔన్సుల కొలత ఉంటే మామూలుగా 1960ల మొదటికి ముందుది. అడ్రసులో పిన్‌కోడ్ ఉందా? అది 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆ చీటీ అంతకన్నా పాతది కాలేదు. 'డబుల్ సెవెన్' అని రంగు అచ్చున్న కూల్‌డ్రింక్ సీసా దొరికితే దాచండి, కోకాకోలా 1977లో దేశం వదిలిపోయాక ప్రభుత్వ సంస్థ తెచ్చిన డ్రింకు అది, ఎక్కువ కాలం నిలవలేదు.

భీమిలి (భీమునిపట్నం) పెట్టెలో కథ వేరే. అక్కడ డచ్చివాళ్లు 1600ల నుంచి ఉండి 1825లో ఇంగ్లిష్‌వాళ్లకు అప్పగించి పోయారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. దాంతో నాలుగు పలకలుండి, భుజాల దగ్గర వెడల్పుగా, అడుక్కి సన్నబడే జిన్ సీసా కనిపించగానే 'డచ్చి కాలంది' అనేస్తారు. చెక్క పెట్టెలో పొందికగా ఇమడడానికి అట్లా చేసిన ఆ ఆకారం 19వ శతాబ్దం అంతా, ఆ తర్వాత కూడా పోశారు, ఓడల్లో ప్రతి రేవుకూ వచ్చింది. అడుగు చూడండి. మధ్యలో గరుకైన వలయంలా గాజు విరిగిన మచ్చ ఉంటే పాతదనానికి ఒక మార్కు వేయొచ్చు, నున్నగా ఉంటే తర్వాతి కాలందే.

జాడీ సీసాల మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. 'సెల్టర్స్', 'నస్సావ్' అని ఉంటే జర్మనీ నుంచి వచ్చిన ఊటనీళ్ల జాడీ. నస్సావ్ అంటే అక్కడ డ్యూక్ ఏలిన చిన్న రాజ్యం (డచీ, డచ్చివాళ్లతో సంబంధం లేదు), అది 1866లో ప్రష్యాలో కలిసిపోయింది, కాబట్టి ముద్రలో డచీ పేరున్న జాడీ అంతకు ముందుది. 'వైనాండ్ ఫోకింక్, ఆమ్‌స్టర్‌డామ్' అని ఉంటే మద్యం జాడీ. ఇంగ్లిష్ సీసా మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటే ఆ నమూనా 1842–1883 మధ్య రిజిస్టరైంది, 'ఆర్‌డీ నంబర్' (Rd No, రిజిస్ట్రేషన్ నంబరు) ఉంటే 1884 తర్వాత. నల్లగా కనిపించే బీరు సీసాల వెనక టార్చి పెట్టండి, ముదురు ఆకుపచ్చో తేనె రంగో బయటపడుతుంది. ఆ సీసాల గాజు నిజంగా నల్లది కాదు.

మోసాల మాట కూడా ఇక్కడే. కొబ్బరి నూనెలా నిగనిగలాడే పాత సీసాను టిష్యూతో తుడిచి చూడండి, నూనె అంటితే మసక కప్పిపుచ్చారన్నమాట. మాంగనీసు కలిపిన తెల్ల గాజు ఎండకు ఏళ్ల మీద లేత ఊదాకు తిరుగుతుంది. నిండు వంకాయ రంగు ఉంటే యంత్రంలో పెట్టి రేడియేషన్ కొట్టించి ఉంటారు. ముదురు నీలం గోలీ సీసా అసలుది చాలా అరుదు, ఆన్‌లైన్‌లో కొత్తగా మెరుస్తూ డజన్లలో దొరికేవి అలంకారం కోసం పోసినవి.

ధర గురించి సూటిగా చెబుతా. పేరులేని గోలీ సీసా ఒక్కటి అమ్మితే చాయ్ ఖర్చు మాత్రమే వస్తుంది. ఊరి పేరు, కంపెనీ పేరు, అరుదైన రంగు, అసలు చీటీ ఉంటే ధర పెరుగుతుంది. మూతి అంచు పెచ్చు లేస్తే సగానికి పడుతుంది, కడుపులో చిట్లు ఉంటే ఇంకా కిందికి. కబాడీకి ఇవ్వాలనుకుంటే పేరులేనివి, పగిలినవి ఇవ్వండి. మిగతావి ఒకే దుకాణం నుంచి వచ్చిన వరుసగా ఉంచితేనే విలువ. అన్నదమ్ములు పది పది పంచుకుంటే ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. ఒకరి ఇంట్లో ఉంచి, సీసాల వివరాలు రాసే పుస్తకం (దాని సంగతి కింద చెబుతా) నకలు మిగతావాళ్లకు ఇవ్వండి.

చట్టం మాట: వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో ఉంచుకోవడానికి సీసాలకు ఇబ్బంది లేదు, గానీ విదేశాలకు పంపడం కుదరదు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న తమ్ముడికి కొరియర్ చేసే ఆలోచన ఉంటే మానండి. ఆసక్తి పుట్టి పిల్లలు తవ్వకాలకు దిగితే ఖిలా వరంగల్ కోట చుట్టుపక్కల పార వేయనీయొద్దు, అది రక్షిత ప్రాంతం. మీ సొంత పెరట్లో దొరికినా పది రూపాయల విలువ దాటితే 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

పుస్తకం పని ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ప్రతి సీసాకూ నంబరు, ఎత్తు మిల్లీమీటర్లలో, రంగు, అడుగున ఉన్న అక్షరాలు, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు. చివరి గడి అమ్మతోనే నింపించండి. దుకాణం పేరు, గ్యాస్ ఎక్కడి నుంచి తెచ్చేవారు, నిమ్మకాయ సోడా ఎంతకమ్మేవారు, ఇవి ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు. అమ్మ ఒకసారి కూర్చొని చెప్పడం మొదలుపెడితే కబాడీ ఆలోచన తనంతట తనే వెనక్కి పోవచ్చు కూడా. నంబరును గాజు మీద రాయకుండా, అట్ట ముక్క మీద పెన్సిల్‌తో రాసి నూలు దారంతో మెడకు కట్టండి. స్టిక్కర్ల జిగురు మరక పడుతుంది.

అల్మారా గోడకు మేకులతో బిగించాలి. గోలీ సీసా అర కిలో అటూ ఇటూ తూగుతుంది, పలకకు నలభై పెడితే ఇరవై కిలోలు. పలక ముందు అంచుకు రెండు అంగుళాల పట్టీ కొట్టించండి. కట్టెకు చెదలు పడుతుంది కాబట్టి ఇనుప రాక్ అయినా నయమే, అడుగున ఫెల్టు పరవాలి. ఎండ తగలని గోడ చూడండి, కిటికీ పక్కన మాత్రం వద్దు, హనుమకొండ కోతుల సంగతి మీకు తెలియనిది కాదు. పొలుసులు రాలే సముద్రపు సీసాలను వేరే మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, లోపల చిన్న హైగ్రోమీటరు ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. వానాకాలం పొట్లాలు ఆరబెట్టి మార్చాలి. మిగతావాటికి ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

తేలని సీసాలకు నాలుగు ఫోటోలు పెట్టండి: స్కేలు పక్కన నిలబెట్టి నిండుగా ఒకటి, అడుగు ఒకటి, మూతి పక్క నుంచి ఒకటి, అచ్చు గీత ఎక్కడ ఆగిందో ఏటవాలు వెలుతురులో ఒకటి. ఉబ్బెత్తు అక్షరాలు ఫోటోలో పడకపోతే పలుచని కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్ది, ఆ కాగితం ఫోటో పెట్టండి. ఫ్లాష్ వేయొద్దు.